అయిదడుగుల రైడర్, 170 క్రాంక్: ఒక బైక్ ఫిట్టింగ్ కేసు

రైడర్ వయసు 34. ఎత్తు 151 సెంటీమీటర్లు, అంటే అయిదడుగులకు అర అంగుళం తక్కువ. బరువు 49 కిలోలు. తిరుపతిలో ప్రభుత్వ పాఠశాల టీచర్. రోడ్ బైక్ కొని ఏడాది దాటింది. వారంలో మూడు నాలుగు రోజులు తెల్లారకముందే బయల్దేరి, జూ పార్క్ రోడ్డు మీదుగా శ్రీనివాస మంగాపురం, చంద్రగిరి దాకా వెళ్లొస్తారు. ఆదివారాలు స్నేహితులతో కలిసి రంగంపేట, భాకరాపేట వైపు. పేరు, స్కూలు రాయడం లేదు. మిగతావన్నీ ఆమె అనుమతితోనే రాస్తున్నాను.

నేను ఫిజియోథెరపిస్టుని. సైకిల్ తొక్కి నొప్పులతో వచ్చేవాళ్లను బైక్ కూడా వెంట తెమ్మంటాను. మెడకు, నడుముకు వ్యాయామాలు చెప్పి పంపితే నాలుగు రోజులు బాగుంటుంది. మళ్లీ అదే బైక్ మీద అదే భంగిమలో రెండు గంటలు కూర్చుంటే నొప్పి తిరిగొస్తుంది. విడిభాగాలు మార్చే పని మా వీధిలోని మెకానిక్ అన్న చూసుకుంటాడు, కొలతలు నేను చూసుకుంటాను.

ఆమె చెప్పిన బాధలు ఇవి. ముప్పావు గంట దాటేసరికి రెండు చేతుల్లో చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారతాయి. మెడ, భుజాల మధ్య పట్టేస్తుంది. మోకాలి వెనక లాగుతుంది. సీటు మీద ముందువైపు ఒరిపిడి, మంట. అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది దిగుడు. భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు హ్యాండిల్ కింది వంపులు (డ్రాప్స్) పట్టుకుంటే బ్రేక్ లివర్‌కు వేళ్లు అందవు. పైన బ్రేక్ లివర్ల మొదళ్లు (హుడ్స్) పట్టుకుంటే బ్రేక్ గట్టిగా నొక్కే బలం చాలదు. అందుకని ఘాట్ వస్తే ఆమె గుంపులో అందరికంటే వెనకబడి, భయం భయంగా దిగేవారు.

"నేను పొట్టి కదా సార్, రోడ్ బైక్ నాకు కుదరదేమో. హైబ్రిడ్ కొనుక్కోమంటాండారు అందరూ" అన్నారు.

ఈ మాట నా దగ్గరికి వచ్చే పొట్టివాళ్లు చాలామంది అంటారు. విన్నప్పుడల్లా బాధేస్తుంది. బైక్ శరీరానికి సరిపడలేదని కాకుండా, శరీరమే బైక్‌కి సరిపడలేదని అనుకుంటారు. పరీక్ష చేస్తే ఆమె శరీరంలో ఏ ఇబ్బందీ కనిపించలేదు. రెండు కాళ్ల పొడవూ సమానం. తొడ వెనక కండరాలు బాగా సాగుతున్నాయి. తుంటి కదలిక మామూలుగానే ఉంది. మెడకు పట్టు మాత్రం ఉంది, అది బైక్ ఇచ్చిందే.

వచ్చేనాటికి బైక్ ఎలా ఉందంటే

ఫ్రేమ్ ఎక్స్‌ఎస్, అంటే బాగా చిన్న సైజు. కంపెనీ పట్టికలో ఆమె ఎత్తుకు చూపించే సైజు అదే కాబట్టి కొనడంలో తప్పు లేదు. ఫ్రేమ్ రీచ్ 375 మిల్లీమీటర్లు, స్టాక్ 512. అంటే ముందు పళ్లచక్రం ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ మధ్య నుంచి, హ్యాండిల్ కింద ఉండే హెడ్ ట్యూబ్ పైకొస వరకు అడ్డంగా 375, నిలువుగా 512. హ్యాండిల్‌ను ఫ్రేమ్‌కు కలిపే స్టెమ్ 80 మిల్లీమీటర్లు. హ్యాండిల్ బార్ వెడల్పు 42 సెంటీమీటర్లు, ముందుకు పొడుగు 85 మిల్లీమీటర్లు. ఆమె భుజాల ఎముకల కొసల మధ్య దూరం 35 సెంటీమీటర్లే. క్రాంక్, అంటే పెడల్‌ను బాటమ్ బ్రాకెట్‌కు కలిపే కడ్డీ, 170 మిల్లీమీటర్లు. టైర్లు 25, గాలి 100 పీఎస్ఐ.

చేతులు అందడం లేదంటే ఎవరో సీటును పట్టాల మీద ముందుకు వెళ్లినంత మేరా జరిపారు. ముందు మంట అంటే సీటు ముక్కు కిందికి వంచారు. ఎత్తు మాత్రం ఆమే వీడియో చూసి పెట్టుకున్నారు. ఇన్‌సీమ్‌ని, అంటే కాలి లోపలి పొడవును, 0.883తో గుణించి, బాటమ్ బ్రాకెట్ నుంచి సీటు పైభాగం దాకా 61 సెంటీమీటర్లు.

బైక్‌ను కదలకుండా నిలిపే ట్రైనర్ స్టాండ్ మీద ఎక్కించి వెనక నుంచి చూస్తే, పెడల్ కిందికి వెళ్లిన ప్రతిసారీ తుంటి ఆ పక్కకు జారుతోంది. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలి వంపు కోణాలు కొలిచే గోనియోమీటర్‌తో చూస్తే 18 డిగ్రీలు వచ్చింది. మామూలుగా 25 నుంచి 35 మధ్య ఉండాలి. మోకాలి వెనక లాగుడు, సీటు మీద ఒరిపిడి రెండిటికీ కారణం కళ్లెదుటే ఉంది. సీటు బాగా ఎత్తుగా ఉంది.

మరి లెక్క ప్రకారమే పెట్టారు కదా?

0.883 పొట్టివాళ్లను ఎక్కడ దెబ్బ తీస్తుంది

ఈ కేసులో అసలు విషయం ఇదే, కాబట్టి కాస్త నిదానంగా రాస్తాను.

ముందు ఇన్‌సీమ్. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని, పాదాలు కొంచెం ఎడంగా పెట్టి నిలబడాలి. గట్టి అట్ట ఉన్న పుస్తకం అంచును గోడకు ఆనించి, కాళ్ల మధ్య నుంచి పైకి గట్టిగా తాకేలా లాగాలి. నేల నుంచి ఆ అంచు వరకు ఎంతో అదే కొలత. ఆమెకు 69 సెంటీమీటర్లు.

సీటు ఎత్తుకు వాడుకలో ఉన్న లెక్కలు రెండు. ఒకటి సైకిల్ రేసర్ గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారమైన 0.883. ఇది బాటమ్ బ్రాకెట్ నుంచి సీటు వరకే కొలుస్తుంది, క్రాంక్ ఊసు ఎత్తదు. రెండోది అంతకన్నా పాతది, 1967 నాటి పరిశోధకులు హామ్లీ, థామస్‌ల పద్ధతి. ఇన్‌సీమ్‌కి 109 శాతం తీసుకుని, అట్టడుగున ఉన్న పెడల్ నుంచి సీటు దాకా కొలుస్తుంది. అంటే క్రాంక్ పొడవు కూడా అందులోనే కలిసి ఉంటుంది.

84 సెంటీమీటర్ల ఇన్‌సీమ్ ఉన్న మనిషిని తీసుకోండి. మొదటి లెక్కలో 74.2 వస్తుంది, 172.5 క్రాంక్ కలిపితే పెడల్ దాకా 91.4. రెండో లెక్కలో 91.6. రెండూ ఒకటే. అందుకే ఆ ఎత్తువాళ్లు ఏ లెక్క వాడినా ఇబ్బంది రాదు.

ఇప్పుడు మన టీచర్ గారి సంగతి. 69ని 0.883తో గుణిస్తే 60.9, 170 క్రాంక్ కలిపితే 77.9. రెండో లెక్కలో 75.2. తేడా 2.7 సెంటీమీటర్లు! సీటు ఎత్తులో అర సెంటీమీటరు తేడా వస్తేనే మోకాలికి తెలుస్తుంది. కాలు పొట్టిదైనా క్రాంక్ పొట్టిది కాలేదు. 0.883లో లోపలే దాగి ఉన్న ఊహ ఏమిటంటే, కాలికి తగ్గ క్రాంక్ ఉంటుందని. అది లేనప్పుడు ఆ లెక్క పొట్టివాళ్లను అందనంత ఎత్తులో కూర్చోబెడుతుంది.

అయితే సీటు దించితే అయిపోతుంది కదా అనిపిస్తుంది. ఆమె కళ్ల ముందే దించి చూపించాను. 170 క్రాంక్ అలాగే ఉంచి సీటును 58.5కి తెచ్చాను. మోకాలి వెనక లాగుడు వెంటనే తగ్గింది, తుంటి ఊగడం ఆగింది. కానీ పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు పొట్ట దగ్గరికి వచ్చేస్తోంది. చోటు చాలక మోకాళ్లు పక్కకు తెరుచుకుంటున్నాయి. కిందికి వంగి డ్రాప్స్ పట్టుకోమంటే ఊపిరి ఆడటం లేదన్నారు. కింద సరిచేస్తే పైన ఇరుకు, పైన వదులు చేస్తే కింద అందదు. ఆ రెండిటి మధ్య ఆమె కాలికి చోటే లేదు.

170 క్రాంక్‌తో పాదం తిరిగే చుట్టు అడుగు నుంచి పైకి 34 సెంటీమీటర్లు. ఆమె ఇన్‌సీమ్‌లో అది దాదాపు సగం. "అలిపిరి మెట్లెక్కేటప్పుడు మోకాలి మిట్ట నిటారు మెట్ల దగ్గర ఎట్లుంటుందో మీకు తెలుసు కదా, మీ బైక్ మీద ప్రతి తొక్కుడూ అలాంటి మెట్టే" అని చెప్తే ఆమెకు చప్పున అర్థమైంది. 84 ఇన్‌సీమ్ ఉన్న మనిషికి ఇదే ఇబ్బంది కలగాలంటే 207 మిల్లీమీటర్ల క్రాంక్ బిగించాలి. అలాంటిది ఎవరికైనా ఇస్తే ఒక్క కిలోమీటరు తొక్కి దిగిపోతారు. పొట్టివాళ్లు మాత్రం ఏడాదుల తరబడి అదే తొక్కుతూ, తమలోనే ఏదో లోటుందనుకుంటున్నారు.

అందుకే నా పద్ధతిలో పొట్టి రైడర్ ఫిట్టింగ్ క్రాంక్ దగ్గర మొదలవుతుంది. చాలాచోట్ల స్టెమ్ దగ్గర మొదలుపెడతారు, అది చివర రావాల్సింది. పాదాలు, తుంటి కుదిరాక చేతులు ఎక్కడికి రావాలో శరీరమే చెప్తుంది.

క్రాంక్ మార్పిడి

ఆమెకు ఒక సందేహం. క్రాంక్ చిన్నదైతే బలం తగ్గదా? న్యాయమైన ప్రశ్నే. 2001లో పరిశోధకులు మార్టిన్, స్పిర్డూసో 120 నుంచి 220 మిల్లీమీటర్ల దాకా రకరకాల క్రాంక్‌లతో గరిష్ఠ శక్తిని కొలిచారు. 145కీ 170కీ మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 120, 220 లాంటి రెండు కొసల్లోనే శక్తి తగ్గింది. 2024లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన పొగాచర్ 176 సెంటీమీటర్ల మనిషి, ఆయన తొక్కింది 165 క్రాంక్. 151 సెంటీమీటర్ల మనిషికి 170 ఎందుకు?

దొరకడమే కష్టం. ఈ ధరలో వచ్చే బైక్‌ల క్రాంక్‌లు సాధారణంగా 165 కంటే తగ్గవు. షిమానో కంపెనీలో '105 ఆర్7100' అనే మోడల్ వరకు వెళ్తే 160 క్రాంక్ ఉంటుంది, కానీ అది ఈ బైక్ స్థాయికి ఖరీదెక్కువ. వేరే కంపెనీది 160, ముందు పళ్లచక్రాలకు 50, 34 పళ్లున్నది తెప్పించాం. కొలతల ప్రకారం 155 అయినా నేను ఒప్పుకునేవాడిని, దొరికినవాటిలో ఈ బైక్‌కు కుదిరేది 160. మెకానిక్ అన్న ముందుగా బాటమ్ బ్రాకెట్ రకం, చెయిన్ లైన్ (చెయిన్ తిన్నగా నడిచే వరస) సరిచూసుకుని, బిగించాక ముందు పళ్లచక్రాల మీద చెయిన్‌ను మార్చే ఫ్రంట్ డిరైలర్ మళ్లీ సెట్ చేశాడు. క్రాంక్ కొనేముందు ఈ రెండూ చూడకపోతే డబ్బు వృథా.

కొత్త క్రాంక్‌తో సీటు ఎత్తు 59.5 దగ్గర కుదిరింది. అట్టడుగున మోకాలి వంపు 31 డిగ్రీలు. ఒక్కసారి పోల్చి చూడండి. 170తో కింద సరిచేసినప్పుడు పైన ఉన్న పెడల్‌కూ సీటుకూ మధ్య 41.5 సెంటీమీటర్లే ఉండేది. ఇప్పుడు 43.5. క్రాంక్ ఒక సెంటీమీటరు తగ్గితే పైన రెండు సెంటీమీటర్ల చోటు వస్తుంది, ఎందుకంటే పెడల్ ఒకటి దిగుతుంది, సీటు ఒకటి లేస్తుంది. మోకాళ్లు పక్కకు తెరుచుకోవడం ఆ రోజే ఆగింది.

ఇంకో లాభం కూడా వచ్చింది. చిన్న ఫ్రేమ్‌కి రోడ్ బైక్‌ల మామూలు సైజు 700సి చక్రాలు పెడితే, మెల్లగా మలుపు తిరిగేటప్పుడు బూటు కొస ముందు చక్రానికి తగులుతుంది. ఆమె లీలామహల్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో అలా ఒకసారి పడబోయారట. క్రాంక్ తగ్గడంతో ఒక సెంటీమీటరు ఎడం వచ్చింది. తగలడం పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది.

గేర్ల సంగతి మాత్రం మర్చిపోకూడదు. క్రాంక్ 170 నుంచి 160కి తగ్గితే పెడల్ మీద అదే బరువు వేసినా చక్రానికి అందే తిప్పుడు బలం ఆరు శాతం తగ్గుతుంది. ఎక్కుడులో అది తెలుస్తుంది. దానికి విరుగుడు వెనక పళ్లు పెంచడం. 32 పళ్ల బదులు 34 పళ్లు వేస్తే లెక్క సరిగ్గా సరిపోతుంది: 170ని 160తో భాగించినా, 34ని 32తో భాగించినా వచ్చేది ఒకటే. రియర్ డిరైలర్ 34 పళ్లకు పనికొస్తుందని చూసుకున్నాకే క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) మార్చాం. కాళ్లు ఇదివరకటి కంటే కాస్త వేగంగా తిప్పడం ఆమెకు కొన్ని వారాల్లో అలవాటైంది.

సీటు

సీటును చేతుల కోసం జరపకూడదు, కాళ్ల కోసం జరపాలి. ఇది నేను అందరికీ గట్టిగా చెప్పే మాట. ఆమె బైక్‌లో సీటు పూర్తిగా ముందుకు ఉండటం వల్ల నడుము పాదాల మీదికి వచ్చేసింది. బరువును వెనక్కి లాగి పట్టే ఆధారం లేక అదంతా అరచేతుల మీద పడింది. పైగా ముక్కు కిందికి వంచడంతో మనిషి ముందుకు జారుతూ ఉంటే, చేతులతో వెనక్కి నెట్టుకుంటున్నారు. చిటికెన వేలికి వెళ్లే నరం అరచేతి అంచులోంచే పోతుంది, అక్కడ అంతసేపు ఒత్తిడి పడితే మొద్దుబారక ఏం చేస్తుంది? చేతులు అందాలని చేసిన మార్పే చేతులకు నొప్పి తెచ్చింది.

దారానికి నట్టు కట్టి మోకాలి ముందు నుంచి వేలాడదీస్తే, పెడల్ ఇరుసుకు రెండు సెంటీమీటర్లకు పైగా ముందు పడుతోంది. మోకాలు సరిగ్గా ఇరుసు మీదే ఉండాలన్న నియమాన్ని నేను వేదంగా తీసుకోను. అది మొదలుపెట్టడానికి ఒక గుర్తు మాత్రమే. సీటును రెండు సెంటీమీటర్లు వెనక్కి జరిపి, మట్టంగా పెట్టాను. క్రాంక్ తగ్గినందున మోకాలు ఇప్పటికీ ఒక సెంటీమీటరు ముందే ఉంది. అయినా ట్రైనర్ మీద తొక్కుతూ చేతులు హ్యాండిల్ మీద నుంచి కాస్త పైకి తీయమంటే, ముందుకు పడిపోకుండా నిలబడగలిగారు. నేను నమ్మే పరీక్ష అదే.

వెడల్పు కూడా చూశాం. అట్టపెట్టె ముక్క మీద కూర్చోబెట్టి గుంటల మధ్య కొలిస్తే 12.5 సెంటీమీటర్లు. ఆమె సీటు వెడల్పు 132 మిల్లీమీటర్లు, కూర్చునే ఎముకలు దాని అంచుల మీద ఉన్నాయి. మధ్యలో గాడి ఉన్న 145 సీటు వేశాం. మెత్తటి జెల్ కవర్ వద్దన్నాను, అది ఎముకల చోట అణిగిపోయి మధ్యలో ఉబ్బి, ఒత్తిడి పడకూడని చోటే ఒత్తుతుంది.

చేతులు

క్రాంక్, సీటు మార్చాక కొన్నాళ్లు అలాగే తొక్కి రమ్మన్నాను. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏం తగ్గిందో తెలియదు. తిరిగొచ్చేసరికి మోకాలి బాధ పోయింది, చేతుల తిమ్మిరి సగానికి తగ్గింది, కానీ సీటు వెనక్కి వెళ్లడంతో హ్యాండిల్ దూరమనిపిస్తోందన్నారు. అలా అనిపిస్తుందని ముందే చెప్పాను.

స్టెమ్ 80 తీసి 60ది, పైకి తిప్పి బిగించాం. దాంతో హ్యాండిల్ సుమారు రెండున్నర సెంటీమీటర్లు దగ్గరికి వచ్చి, కొంచెం లేచింది. బార్ 36 వెడల్పుది, ముందుకు పొడుగు 70, కిందికి లోతు (డ్రాప్) 120. ఇక్కడ ఒకటిన్నర సెంటీమీటర్లు కలిసొచ్చాయి. సీటు వెనక్కి వెళ్లిన రెండు సెంటీమీటర్లూ తీసేసినా, మొత్తం మీద హుడ్స్ ఇదివరకటి కంటే రెండు సెంటీమీటర్లు దగ్గరయ్యాయి. 60 స్టెమ్ పెడితే బండి అదుపు తప్పుతుందని కొందరు భయపెడతారు. ఇంత చిన్న ఫ్రేమ్ మీద, సన్నటి బార్‌తో నేను అలాంటిది చూడలేదు. 50 కంటే తగ్గించడానికి మాత్రం ఇష్టపడను, అంత అవసరం పడిందంటే ఆ ఫ్రేమే పెద్దదని అర్థం.

డ్రాప్ బార్ వెడల్పు చాలామంది పట్టించుకోరు. 35 సెంటీమీటర్ల భుజాలతో 42 బార్ పట్టుకుంటే చేతులు బయటికి తెరుచుకుంటాయి, మెడ పక్క కండరాలు ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి. మెడ నొప్పి తగ్గడంలో స్టెమ్ కంటే బార్‌దే ఎక్కువ వాటా అని నా నమ్మకం.

బ్రేక్ లివర్లు లోపలికి తేవడానికి గేర్లు మార్చే షిఫ్టర్‌లోనే ఏర్పాటు ఉంది. కొన్నిటికి చిన్న స్క్రూ, కొన్నిటికి రబ్బరు ముక్క. లివర్ దగ్గరికి వచ్చాక కేబుల్ మళ్లీ బిగించాలి, లేకపోతే లివర్ బార్‌కు తగిలేదాకా బ్రేక్ పట్టదు. ఈ చిన్న పని బైక్ కొన్న రోజే ఎవరైనా చేసి ఇచ్చి ఉంటే ఏడాది పాటు ఆమె ఘాట్‌లో అంత భయపడేవారు కాదు. చిన్న చేతులున్నవాళ్లకు ఇది సౌకర్యం మాట కాదు, ప్రాణం మాట.

టైర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. 49 కిలోల మనిషికి 100 పీఎస్ఐ చాలా ఎక్కువ, రోడ్డు మీది ప్రతి గతుకూ చేతులకే వస్తుంది. ఫ్రేమ్‌లో చోటుంది కాబట్టి 28 టైర్లు వేసి, ముందు 55, వెనక 60 పెట్టాం.

తర్వాత

రెండు గంటల రైడ్ దాకా వేళ్లు మొద్దుబారడం లేదు. మోకాలి వెనక నొప్పి తిరిగి రాలేదు. సీటు మంట పోయింది. మెడ పట్టు మూడు గంటలు దాటితే ఇంకా వస్తోంది. దానికి మెడ లోపలి కండరాలకు, భుజం రెక్కలకు వ్యాయామాలు ఇచ్చాను, చేస్తున్నారు. భాకరాపేట ఘాట్ ఇప్పుడు డ్రాప్స్ పట్టుకుని, రెండు వేళ్లతో బ్రేక్ వేస్తూ దిగుతున్నారు. మొన్న తిరుపతి నుంచి కాణిపాకం దాకా, సుమారు 70 కిలోమీటర్లు, గుంపుతో సమానంగా తొక్కి వెళ్లి దర్శనం చేసుకున్నారు. తిరుగు ప్రయాణం కారులో.

ఖర్చు ఎక్కువగా క్రాంక్‌కే అయింది. స్టెమ్, బార్, సీటు కలిపినా దానికంటే ఎక్కువ కాలేదు. డబ్బు ఒక్కసారే పెట్టలేనివాళ్లు ముందు సీటు ఎత్తు సరిచేయడం, లివర్లు దగ్గరికి తేవడం, గాలి తగ్గించడం చేసుకోవచ్చు, వీటికి ఖర్చు దాదాపు ఉండదు. తర్వాత క్రాంక్. బార్, స్టెమ్ ఆ తర్వాతే.

ఈ ఫ్రేమ్‌తో ఇంతకుమించి చేయలేం. మలుపులో బూటు తగలడం, మూడు గంటల తర్వాత మెడ, ఈ రెండూ ఫ్రేమ్ కొలతలవే. ఎప్పుడైనా బైక్ మారిస్తే ఏం చూడాలని ఆమె అడిగారు. ఎక్స్‌ఎస్ అన్న అక్షరాలు చూడొద్దన్నాను, ఒక కంపెనీ ఎక్స్‌ఎస్‌కూ ఇంకో కంపెనీ ఎక్స్‌ఎస్‌కూ పొంతన ఉండదు. ఫ్రేమ్ పైన అడ్డంగా ఉండే టాప్ ట్యూబ్ పొడవు చూసి కూడా మోసపోవచ్చు. చిన్న ఫ్రేమ్‌లలో సీటు కింది గొట్టాన్ని, అంటే సీట్ ట్యూబ్‌ను, నిటారుగా పెడతారు. ఒక డిగ్రీ నిటారైతే ఆమె సీటు ఎత్తు దగ్గర టాప్ ట్యూబ్ సుమారు ఒక సెంటీమీటరు పొట్టిగా కనబడుతుంది, కానీ హ్యాండిల్ ఒక్క మిల్లీమీటరు కూడా దగ్గరికి రాదు. సీటును మళ్లీ కాళ్లకు సరిపడేలా వెనక్కి జరిపితే ఆ పొట్టితనం మాయమవుతుంది. చూడాల్సింది రీచ్, స్టాక్. ఆమెకు రీచ్ 360 చుట్టుపక్కల, స్టాక్ 510కి తగ్గకుండా ఉండాలి. డిస్క్ బ్రేకులతో 650బి చక్రాలకు గీసిన ఫ్రేమ్ దొరికితే ఇంకా మంచిది. దాని రిమ్ 622 బదులు 584 మిల్లీమీటర్లు కాబట్టి, సన్నటి టైరుతో ముందు చక్రం బూటుకు దూరంగా ఉంటుంది. క్రాంక్ 160 కంటే పెద్దది వస్తే అక్కడికక్కడే మార్చి ఇమ్మని అడగమన్నాను. ఈ అంకెలన్నీ, ఇప్పటి సీటు ఎత్తు 59.5తో సహా, ఒక కాగితం మీద రాసి ఇచ్చాను.